నెమలికంఠం రంగు ట్యాబు

పద్మనాభం చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఉంగరం వేలికి చిటికెడు కుంకుమ అద్దుకుని, కొత్త లాప్‌టాప్ తెరకు పైన నట్టనడుమ బొట్టు పెట్టాడు. కొత్త వస్తువు ఏదైనా వాడకంలోకి రాకముందు ఆ పని జరగాల్సిందే. కారుకి, కుక్కర్‌కి, చివరికి కిందటేడు కొన్న వాక్యూమ్ క్లీనర్‌కి కూడా ఆ మర్యాద దక్కింది. నిజానికి ఈ లాప్‌టాప్ అతనిది కాదు, పక్క కుర్చీలో ఉన్న నైనికది. అయినా మొదటి రోజే బోసి మొహంతో ఉంటే అతని మనసొప్పదు.

"అంకుల్, ఇది నా ఫేస్ చూపించమంటోంది," అంది నైనిక. "చూపిస్తున్నా. కానీ దీనికి నేను కనిపించట్లేదు."

జుట్టు వెనక్కి నెట్టుకుని చూపించింది. కళ్ళజోడు తీసి చూపించింది. లాప్‌టాప్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి ఎండలో నిలబడింది. లాభం లేక హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే, ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నారు. అది కూడా అయ్యాక పద్మనాభం వంగి తేరిపార చూసి నాలుక కరుచుకున్నాడు. బొట్టు సరిగ్గా కెమెరా కంట్లో పడింది.

నైనిక పొట్ట పట్టుకుని నవ్వింది. పద్మనాభం టిష్యూతో కెమెరా తుడిచి, లాప్‌టాప్ మూతకి బయటి వైపు, కంపెనీ అంటించిన స్టిక్కర్ పక్కన మరో బొట్టు పెట్టి ఊరుకున్నాడు. ఊరుకున్నాడన్న మాటేగానీ, పొద్దున్నుంచీ అతని కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఈ రోజు మోరిస్‌విల్‌లో అతని ఆఖరి రోజు. సోమవారం అమెరికాకి ఆ చివరనున్న బాతెల్‌లో ఒక చిన్న బయోటెక్ కంపెనీలో చేరాలి. కాంట్రాక్టు కాదు, ఫుల్‌టైమ్. యాభై ఆరేళ్ళ వయసులో మొట్టమొదటి ఫుల్‌టైమ్ ఉద్యోగం.

ఇక్కడి కంపెనీ ఆసుపత్రులకి చల్లగా ఉంచాల్సిన మందులు పంపుతుంది. రోజూ సాయంత్రం మెయిన్ సర్వర్ మీద కొన్ని కమాండ్లు వరసగా నడిపితే, మర్నాడు ఏ పెట్టె ఏ ట్రక్కు ఎక్కాలో తేలుతుంది. దాన్ని ఈవెనింగ్ రన్ అంటారు. తొమ్మిదేళ్ళుగా అది పద్మనాభం చేతి మీదుగానే నడుస్తోంది. నడిచినన్నాళ్ళూ దాన్ని నడిపేవాడొకడున్నాడని ఎవరికీ గుర్తు రాదు. నడవని రోజు ఇంతవరకూ రాలేదు. అందుకని పద్మనాభం ఎవరికీ గుర్తు రాలేదు. అతనికి అందులో చిన్నతనం ఏమీ తోచలేదు, పైపెచ్చు కాస్త గర్వం.

నైనిక కిందటి నెలలోనే చేరింది. పక్కనే క్యారీలో పుట్టి పెరిగిన పిల్ల. ఆఫీసులో అందరినీ పేరు పెట్టి పిలుస్తుంది, మేనేజర్ని కూడా. పద్మనాభాన్ని మాత్రం మొదటి రోజే అంకుల్ అనేసింది. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు. మీరు అని మొదలుపెట్టి నువ్వులో తేలుతుంది, నువ్వు అని మొదలుపెట్టి మీరులో తేలుతుంది. పద్మనాభానికి అది వినడానికే సరదా.

చిక్కల్లా ఒక్కటే. ఈమె లాప్‌టాప్ ఎప్పుడో రావాల్సింది, తీరిగ్గా ఈ రోజు పొద్దున వచ్చింది. మేనేజర్ కౌస్తుభ్ కాఫీ కప్పుతో వచ్చి బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. వరంగల్ కుర్రాడు, మనిషి మంచివాడే, మాట మాత్రం కచ్చితం.

"పద్మనాభం గారూ, ఇవాళ ఈవెనింగ్ రన్ నైనికనే చేయాలె. తన లాప్‌టాప్ నుంచి, తన లాగిన్‌తోని. మీరు కీబోర్డ్ ముట్టొద్దు. అది అయితే నేను హ్యాండోవర్ కంప్లీట్ అని సైన్ చేస్తా. కాకపోతే మాత్రం ఇంకో నెల మిమ్మల్ని ఉంచుకోవాల్సొస్తది, కాంట్రాక్టుల అట్లనే ఉన్నది. ఏమనుకోకుండ్రి."

"అయిపోతుందండీ," అన్నాడు పద్మనాభం. బాతెల్ వాళ్ళు కూడా మర్యాదగానే చెప్పారు, సోమవారం రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని. ఇద్దరు మర్యాదస్తుల మధ్య ఇరుక్కుని అతను చొక్కా చేతులు పైకి మడిచాడు.

లాప్‌టాప్‌తో పాటు, కమాండ్లు కొట్టే టెర్మినల్ ప్రోగ్రాం కూడా కొత్తదే. పద్మనాభం ఇన్నేళ్ళూ వాడింది ఒక నల్ల విండో. తెరవడం, కమాండ్ కొట్టడం, మూయడం, అంతే. కొత్తదానిలో ఒకే విండోకి పైన వరసగా ట్యాబులు తెరుచుకోవచ్చు, ఒక్కో ట్యాబులో ఒక్కో షెల్ నడుపుకోవచ్చు. మనం టైపు చేసిన కమాండ్‌ని అందుకుని యంత్రం చేత పని చేయించేది షెల్. టీమ్ కమాండ్లన్నీ బాష్ అనే షెల్‌కి రాసినవి. ఈ ప్రోగ్రామేమో తెరవగానే విండోస్ సొంత షెల్ పెట్టుకుని కూర్చుంది.

"సెట్టింగ్స్‌లో న్యూ ప్రొఫైల్ అని ఉంది అంకుల్. అక్కడ యాడ్ చేద్దామా?"

"చేద్దాం, చేద్దాం!" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు పద్మనాభం.

ప్రొఫైల్‌కి పేరేమిటి, ఏ షెల్ తెరవాలి, ఏ ఫోల్డరులో మొదలవ్వాలి, అక్షరాలు ఎంత లావుండాలి, వెనక రంగేమిటి, ట్యాబు రంగేమిటి. పెళ్ళిచూపుల్లో పెద్దాళ్ళలా ఒకటే ప్రశ్నలు. నైనిక బాష్ ఉన్న చోటు టైపు చేసి ట్యాబు తెరిచింది. అది తెరుచుకున్నట్టే తెరుచుకుని, ఫైలు కనబడలేదని ఒక లైను రాసి బిగుసుకుపోయింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే.

పద్మనాభం కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఆ లైను దగ్గరగా చదివాడు. "ఆ ఫోల్డరు పేరులో రెండు మాటలున్నాయి చూడమ్మా. మధ్యలో ఖాళీ ఉంది. అది మొదటి మాట దగ్గరే ఆగిపోతోంది. మొత్తం కొటేషన్లలో పెట్టు."

పెట్టింది. ట్యాబు తెరుచుకుంది. ఇక కమాండ్ కొట్టొచ్చన్నట్టు ఎడమ పక్కన డాలర్ గుర్తు వచ్చి నిలబడింది.

పద్మనాభం చప్పట్లు కొట్టాడు. చుట్టుపక్కల సీట్లవాళ్ళు తలలు తిప్పి చూశారు. తొమ్మిదేళ్ళలో ఆ మూల నుంచి చప్పుడు రావడం అదే మొదలు.

"మీ సెటప్ ఎలా ఉంటది అంకుల్? నాకు చూపించు, నేను అదే పెట్టుకుంటా."

అతను తన పాత లాప్‌టాప్ ఇటు తిప్పాడు. నల్లటి విండో, తెల్లటి అక్షరాలు, డాలర్ గుర్తు. నైనిక ఇంకేమైనా ఉందేమోనని ఆశగా చూసింది.

"ఇంతే తల్లీ. నాకు సెటప్ అంటూ ఏమీ లేదు."

"నైన్ ఇయర్స్ ఇదేనా?"

"పాతికేళ్ళు."

ఆ పిల్ల నమ్మలేనట్టు చూస్తే పద్మనాభానికి నవ్వొచ్చింది. ఎలా చెప్పాలి? ఒమాహాలో మొదటి కాంట్రాక్టులో అతనూ సరదా పడ్డాడు. రంగులు మార్చాడు, డాలర్ గుర్తు ముందు తన పేరు వచ్చేలా పెట్టుకున్నాడు, పొడుగు కమాండ్లకి పొట్టి పేర్లు రాసుకున్నాడు. ఆర్నెల్లకి కాంట్రాక్టు అయిపోయింది, లాప్‌టాప్‌ని అట్టపెట్టెలో పెట్టి వెనక్కి పంపమన్నారు. కొలంబస్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు, అదీ పెట్టెలోకి వెళ్ళిపోయింది. టాంపాకి వచ్చేసరికి ఆ సరదా తీరిపోయింది. ఎవరి యంత్రమో, ఎన్నాళ్ళో తెలియనిదానికి రంగులెందుకు? ఇంటి సంగతీ అంతే. అద్దె అపార్ట్‌మెంట్లలో గోడలు ఎలా తీసుకున్నారో అలాగే అప్పగించాలి కాబట్టి భార్య సుబ్బులు ఏ గోడకీ ఒక్క మేకు కొట్టనివ్వలేదు. ఆవిడ పెళ్ళికి ముందు చీరాలలో కుట్టిన నెమళ్ళ పటం, రెండు చేతులూ చాపితేగానీ అందనంత పెద్దది, ఊరూరా సోఫా వెనక నేల మీద నిలబడే అమెరికా అంతా చూసింది.

ఇన్నేళ్ళలో పద్మనాభం పెట్టుకున్న నియమాలు రెండే. ఎప్పుడూ ఒక్కటే విండో తెరవాలి. అది మూశాకే ఇంకోటి. అప్పుడు ఏ సర్వర్ మీద ఉన్నామో అన్న అయోమయం ఉండదు. రెండోది, వెళ్ళేటప్పుడు శుభ్రం చేయాలి. ఆఖరి రోజు సర్వర్ మీద తన ఫోల్డరులోని ఫైళ్ళు, దాచిన సెట్టింగులు, కొట్టిన కమాండ్ల చరిత్ర, అన్నీ చెరిపేసి లేవాలి. తర్వాత వచ్చేవాడికి తన జాడ కూడా తగలకూడదు. ఆ కమాండ్లు అతని వేళ్ళకే కంఠతా వచ్చు.

"ఇప్పుడు కలర్స్ పెడదాం," అంది నైనిక. "మెయిన్ సర్వర్‌కి రెడ్. జాగ్రత్తగా ఉండాలి కాబట్టి. టెస్ట్‌కి గ్రీన్. నా లాప్‌టాప్‌కి ఎల్లో."

"పసుపా? శుభం," అన్నాడు పద్మనాభం.

తర్వాత తాళంచెవులు చేశారు. పసుపు ట్యాబులో ఒక్క కమాండ్ కొడితే జంట ఫైళ్ళు పుడతాయి. తాళం లాంటిది సర్వర్ మీద పెట్టాలి, చెవి లాంటిది లాప్‌టాప్‌లో దాచుకోవాలి. రెండూ కలిస్తేనే సర్వర్ లోపలికి రానిస్తుంది. సర్వర్ మీద మొదటిసారి తాళం పెట్టడానికి హెల్ప్‌డెస్క్ వాళ్ళు ఒక్కసారికి పనిచేసే పాస్‌వర్డ్ ఇచ్చారు. ఎర్ర ట్యాబు నొక్కగానే మెయిన్ సర్వర్ నైనికని పేరు పెట్టి ఆహ్వానించింది.

"ఒకటి గుర్తుపెట్టుకో తల్లీ," అన్నాడు పద్మనాభం. "పావుగంట పలకరించకపోతే ఈ సర్వర్ మనల్ని బయటికి గెంటేస్తుంది. ఇంకోటి, కొత్త తాళం పనిచేస్తోందని చూసుకునేదాకా పాత తలుపు మూయకు."

"గాట్ ఇట్," అంటూనే నైనిక నాలుగో ప్రొఫైల్ తెరిచింది. "ఇది మీది అంకుల్. మీ లాగిన్‌తో మీ ఫైల్స్ నాకు చూపించడానికి. ఏం కలర్?"

ఈ దేశంలో అతన్ని ఎవరూ అడగని ప్రశ్న అది. నలుపు అనబోయాడు. సోఫా వెనక పటం కళ్ళ ముందు మెదిలింది.

"నెమలికంఠం రంగు," అన్నాడు.

"అది బ్లూనా, గ్రీనా?"

"రెండూ కాదు. రెండూ." ఫోన్‌లో వెతికి పటం ఫొటో చూపించాడు. నిన్న సుబ్బులు దుప్పట్లలో చుట్టేముందు తీసిన ఫొటో. నైనిక "వావ్, ఆంటీ చేసిందా ఇది?" అని నెమలి మెడ మీద వేలు పెట్టి, అక్కడి రంగుకి నంబర్ ఏదో పట్టేసి, దాన్ని సెట్టింగ్స్‌లో పెట్టింది. నాలుగో ట్యాబు తళుక్కున ఆ రంగులోకి మారింది. పద్మనాభం దాన్ని చూస్తూ కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం డబ్బాలో చపాతీ, బీరకాయ కూర తింటుంటే సుబ్బులు ఫోన్ చేసింది. రేపు పొద్దున్నే ఫ్లైట్, ఆవిడ అపార్ట్‌మెంట్‌లో పెట్టెలకి టేపులు వేస్తోంది. టేపు చరచరలాడే చప్పుడు ఫోన్‌లో వినిపిస్తూనే ఉంది.

"ఏవండీ, బాతెల్ ఇంటావిడ మళ్ళీ మెసేజ్ పెట్టిందండీ. ఎన్ని మేకులైనా కొట్టుకోమంది!"

"ఎన్నైనానా?"

"ఎన్నైనాట! పటం హాల్లో పెడదామా, మెట్ల పక్కనా?"

"హాల్లోనే. వచ్చినవాళ్ళకి ఎదురుగా కనబడాలి."

"నేనూ అదే అనుకున్నా. ఇంతకీ అక్కడ పనైందా? వాళ్ళు సంతకం పెడతారా?"

"పెట్టక ఎక్కడికి పోతారు? పిల్ల చురుకు," అన్నాడు పద్మనాభం గట్టిగా. అన్నాక గుండెలో ఎక్కడో చిన్న బెదురు కదిలింది. సుబ్బులుకి మేకుల ఆశ పెట్టి నెలంతా ఇక్కడే ఉండిపోతే? బీరకాయ కూర మింగి ఆ బెదురునీ మింగేశాడు.

శుక్రవారం కనక హెల్ప్‌డెస్క్ మధ్యాహ్నమే మూసేస్తారు, మళ్ళీ సోమవారమే తెరుస్తారు. మూసేలోగా వెళ్ళి తన పాత లాప్‌టాప్, చార్జర్, మౌస్ అప్పగించి వచ్చాడు. నైనిక ఆకుపచ్చ ట్యాబులో టెస్ట్ సర్వర్ మీద రన్ మొత్తం ఒకసారి నడిపి చూసింది. ఒక్క తప్పు లేదు. తర్వాత, పొద్దున్నుంచీ మధ్యమధ్య ఎంటర్ కొట్టి పలకరిస్తున్న ఎర్ర ట్యాబులో తన ఫోల్డరు చూసుకుని, పసుపు ట్యాబులోకి వచ్చి ఏదో సరిచేసి లేచింది.

"అంకుల్, నేను టీ తెస్తా. మీరు తాగుతావా?"

"తాగుతానమ్మా. ఈలోగా నా ఫోల్డరు శుభ్రం చేసేస్తాను, నీ లాప్‌టాప్ వాడుకోనా?"

"ష్యూర్, మీ ట్యాబ్ ఓపెన్‌లోనే ఉంది."

పద్మనాభం ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా విండో, అందులో డాలర్ గుర్తు. పాతికేళ్ళుగా అతని కళ్ళకి విండో అంటే ఒక్కటే, తెరిచి ఉన్నది ఏదైతే అదే తనది. పైన ఏ రంగు వెలుగుతోందో చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఫైళ్ళు చెరిపే కమాండ్. దాచిన సెట్టింగులు చెరిపే కమాండ్. చరిత్ర చెరిపే కమాండ్. నిజంగా చెరపమంటావా అని అడగకుండా ఉండే అక్షరం కూడా వేళ్ళు మర్చిపోలేదు. ఎంటర్ కొట్టి తృప్తిగా వెనక్కి వాలాడు.

వాలాక కళ్ళు పైకి వెళ్ళాయి. వెలుగుతున్నది పసుపు ట్యాబు.

పై ప్రాణాలు పైనే పోయాయి. ట్యాబుల రంగులు తప్ప, పొద్దున్నుంచి ఇద్దరూ కూర్చుని పెట్టుకున్న ఫైళ్ళు లేవు, సెట్టింగులు లేవు, తాళంచెవి లేదు. నమ్మకం కుదరక ఎర్ర ప్రొఫైల్‌తోనే ఇంకో ట్యాబు తెరిచి చూశాడు. అనుమతి లేదంది సర్వర్. ఒక్కసారికి పనిచేసే పాస్‌వర్డ్ పొద్దునే వాడేశారు. కొత్తది ఇచ్చేవాళ్ళు తలుపులు మూసి ఇళ్ళకి పోయారు. సోమవారం దాకా ఈ పిల్ల మెయిన్ సర్వర్‌లోకి అడుగు పెట్టలేదు. సాయంత్రం రన్ లేదు, సంతకం లేదు, బాతెల్ లేదు. సుబ్బులు ఈపాటికి పెట్టెలకి టేపులు వేయడం పూర్తి చేసి ఉంటుంది.

ఏదైనా తేడా చేస్తే అతని చేతులకి తెలిసిన మందు ఒక్కటే. అన్నీ మూసేసి మొదటి నుంచి తెరవడం. మౌస్ పట్టుకుని, పొద్దున్నుంచి తెరిచి ఉన్న ఎర్ర ట్యాబు పక్కనున్న మూసే గుర్తు మీదికి బాణాన్ని తీసుకెళ్ళాడు.

"అంకుల్! రెడ్ ట్యాబ్ క్లోజ్ చేయొద్దు!"

టీ కప్పులు ఎక్కడో బల్ల మీద పడేసి వచ్చింది నైనిక. పద్మనాభం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"చెరిపేశాను తల్లీ," అన్నాడు. "నాది అనుకుని నీది చెరిపేశాను. అంతా పోయింది."

నైనిక నిలబడే తెర చూసింది. అనుమతి లేదన్న లైను చదివింది. తర్వాత ఎర్ర ట్యాబు నొక్కి ఖాళీ ఎంటర్ కొట్టింది. డాలర్ గుర్తు కదిలి ఇంకో లైను కిందకి దిగింది.

"ఇది ఇంకా బతికే ఉంది," అంది మెల్లగా. "చూడు అంకుల్, ఇది పొద్దున ఓపెన్ చేసిన డోర్. చెవి పోయింది కానీ నేను ఆల్రెడీ లోపల ఉన్నా. సో, లోపల నుంచి కొత్త తాళం పెడతా. మీరే కదా చెప్పావు, పాత తలుపు మూయొద్దని."

పద్మనాభం కుర్చీలోంచి లేచాడు. ఆమె కూర్చుంది. అతను రెండు చేతులూ చంకల్లో బిగించుకుని వెనక నిలబడ్డాడు, మళ్ళీ అవెక్కడ ఏ కమాండ్ కొడతాయోనని.

పసుపు ట్యాబులో కొత్త జంట ఫైళ్ళు పుట్టించింది. మధ్యలో ఎర్ర ట్యాబుకి వెళ్ళి ఇంకో ఖాళీ ఎంటర్ కొట్టింది, సర్వర్ గెంటేయకుండా. తాళం ఫైలులోని పొడుగాటి లైనుని ఎత్తి, ఎర్ర ట్యాబులో తన ఫోల్డరులో అతికించింది. పద్మనాభం ఒక్కో అక్షరం వెంటా కళ్ళు పరిగెత్తించాడు. ఒక్కచోట కూడా నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. అతికించడం అయ్యాక ఆమె ఎర్ర ట్యాబుని అలాగే ఉంచి, దాని పక్కనే ఇంకో ఎర్ర ట్యాబు తెరిచింది.

మెయిన్ సర్వర్ నైనికని పేరు పెట్టి ఆహ్వానించింది.

"యస్!" అని కుర్చీలో గిర్రున తిరిగింది నైనిక. పద్మనాభం ఈసారి చప్పట్లతో ఆగలేదు. "శభాష్ రా తల్లీ, శభాష్!" అని ఆఫీసంతా మార్మోగేలా అరిచాడు. ఆనందం పట్టలేక రెండు అడుగులు ముందుకి, రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఆ అరుపుకి కౌస్తుభ్ తన గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏమైంది, ఏమైంది?"

"నేను పాడు చేశానండీ," అన్నాడు పద్మనాభం. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ అమ్మాయి బాగు చేసింది."

జరిగింది విని కౌస్తుభ్ కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు. "మరి రన్?"

"నౌ," అంది నైనిక. కమాండ్లన్నీ పూర్తిగా టైపు చేస్తూ ఒక్కొక్కటే నడిపింది. ప్రతిదానికీ ముందు పైకి చూసి ఎర్ర రంగు వెలుగుతోందో లేదో చూసుకుంది. ఆఖరి లైను వచ్చేసరికి రేపటి ట్రక్కులన్నీ తమ తమ పెట్టెలతో బారులు తీరాయి. పద్మనాభం చేతులు అప్పటిదాకా చంకల్లోనే ఉన్నాయి.

"ఈ హ్యాండోవర్ కన్నా ఇంకేం కావాలె సార్?" అన్నాడు కౌస్తుభ్. ఫోన్ తీసి అక్కడికక్కడే మెయిల్ పంపాడు. పద్మనాభం బ్యాడ్జి తీసి అతని చేతిలో పెట్టాడు. కౌస్తుభ్ రెండు చేతులతో అందుకుని, "మీకు కేక్ కూడా తెప్పియ్యలే. మర్చిపోయిన," అని నొచ్చుకున్నాడు. మర్చిపోయాడని పద్మనాభానికి తెలుసు. ఎప్పుడూ ఇలాంటివి పట్టించుకోని మనిషికి ఇవాళ ఎందుకో ఆ నొచ్చుకోవడం హాయిగా ఉంది.

నైనిక వచ్చి గట్టిగా కౌగిలించుకుంది. "ఐ విల్ టెక్స్ట్ యు అంకుల్. ఆంటీ పెయింటింగ్ వాల్‌కి పెట్టాక పిక్చర్ పంపాలి మీరు, ఓకేనా? మర్చిపోవద్దు నువ్వు."

"అది పెయింటింగ్ కాదమ్మా, కుట్టు. పంపుతాను."

సోమవారం నుంచి ఆమె చూడాల్సిన పనులు చెబుతానని కౌస్తుభ్ ఆమెని తన గదిలోకి తీసుకెళ్ళాడు. గాజు తలుపు వెనక ఆ పిల్ల చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తోంది. బహుశా కొత్త తాళం సంగతే అయ్యుంటుంది. పద్మనాభం కాసేపు ఆ వైపే చూశాడు.

తన ఫోల్డరు ఇంకా చెరపలేదు. మళ్ళీ ఆమె కుర్చీలో కూర్చుని, నెమలికంఠం ట్యాబు నొక్కి, తన పాస్‌వర్డ్‌తో మళ్ళీ సర్వర్‌లోకి వెళ్ళి, పైన రంగు చూసి, లోపల పేరు చదివి, మళ్ళీ రంగు చూసి, అప్పుడు కమాండ్లు కొట్టాడు. ఫోల్డరు ఖాళీ అయింది. చరిత్ర చెరిగిపోయింది. సర్వర్‌కి సెలవు చెప్పే కమాండ్ కొడితే, కనెక్షన్ ముగిసిందని ఒక లైను వచ్చింది. తొమ్మిదేళ్ళూ ఆ లైనుతో సరి.

ఇక మిగిలింది ఈ ప్రొఫైల్. అతని లాగిన్ ఈ రాత్రికి మూసేస్తారు. తర్వాత ఈ ట్యాబు ఎవరు నొక్కినా ఎక్కడికీ తీసుకెళ్ళదు. ఎవరికీ అక్కరకు రానిదాన్ని ఉంచి వెళ్ళడం అతని పద్ధతి కాదు. సెట్టింగ్స్ తెరిచాడు. అన్నిటికన్నా కింద, ప్రొఫైల్‌ని తీసేసే బటన్. బాణం దాని మీదికి తీసుకెళ్ళాడు. వేలు మౌస్ మీద పెట్టాడు.

జేబులో ఫోన్ మోగింది. "అయిందా?" అంది సుబ్బులు.

"అయింది సుబ్బులూ. సంతకం పెట్టేశారు."

"అయితే వచ్చేటప్పుడు మేకులు పట్టుకురండి. గట్టివి. ఆ పటం బరువుకి ఆగాలి."

"అక్కడ దొరకవా ఏంటే?"

"దొరుకుతాయి. అయినా పట్టుకురండి."

"తెస్తాలే," అని నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు. బాణం ఇంకా బటన్ మీదే ఉంది. పద్మనాభం మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. సెట్టింగ్స్ మూసి, డబ్బా సంచిలో వేసుకుని, కుర్చీని బల్ల కిందికి తోసి, గాజు తలుపు వైపు ఒకసారి చెయ్యి ఊపాడు. వాళ్ళు మాటల్లో ఉన్నారు, చూడలేదు. అతను మెట్ల వైపు గబగబా నడిచాడు, హార్డ్‌వేర్ షాపు మూసేస్తారేమోనని.

నైనిక బల్ల మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, వాటి పక్కన ఎక్కడికీ తెరుచుకోని నెమలికంఠం రంగు ట్యాబు.